చుక్కల లెక్క – జపాను నమూనాలు, మన ముగ్గులు

రాత్రి భోజనాలయ్యాక ఓ గంటసేపు జపాను నమూనాలు గీయడం నాకు ఏడెనిమిదేళ్ళుగా అలవాటు. గ్రాఫు కాగితం, స్కేలు, కంపాసు, సన్న మొన ఉన్న నల్ల పెన్ను – ఇంతే సరంజామా. గీసినవి ఎవరికీ అమ్మను, గోడకు తగిలించను. బి.కాం. చదివి బ్యాంకులో చేరిన కొత్తలో లెడ్జర్లలో ఎర్ర సిరాతో గీతలు కొట్టి మొత్తాలు వేసిన చెయ్యి ఇది. కంప్యూటర్లు వచ్చాక దానికి పని పోయింది. ఆ చేతికి ఏదో ఒక పని చెప్పడానికే ఇదంతా అని మా ఇంట్లో అంటారు. అది కొంత నిజమే. అయితే ఒక గీత ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోకుండా గీస్తూ పోవడం, ఖాతాదారు ఎవరో చూడకుండా జమ వేసుకుంటూ పోవడంలాంటిది. అందుకని గీసిన ప్రతి నమూనాకూ పూర్వోత్తరాలు వెతుకుతూ వచ్చాను. ఆ వెతుకులాట నన్ను జపాను నాటకశాలలకూ, అక్కడినుంచి మచిలీపట్నానికీ, తిరిగి మా పావగడ తాలూకా వాకిళ్ళకూ తిప్పింది. ఆ సంగతులు పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

మొదలైంది ఒక చేతిగుడ్డతో. బిడదిలోని కార్ల కర్మాగారంలో పనిచేసే మా బంధువుల కుర్రవాడు, స్వదేశానికి తిరిగి వెళుతున్న జపాను ఇంజనీరు ఒకాయన తనకిచ్చిన నూలుగుడ్డను మా ఇంటికి తెచ్చాడు. మూరెడుకు తక్కువ వెడల్పు, రెండు మూరల పొడవు. నీలి రంగు మీద తెల్లని గీతల ఆకులు. దాని పేరు 'తెనుగుయి' అన్నాడు. ఇంకేముంది, గదిలో ఉన్న నలుగురు తెలుగువాళ్ళమూ ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నాం. తెనుగు నేతగాళ్ళు ఏ కాలంలోనో జపాను వెళ్ళి ఉంటారని ఒకరు, బౌద్ధ భిక్షువులు తీసుకుపోయి ఉంటారని మరొకరు. పది నిమిషాల్లో ఒక మహాచరిత్ర తయారైంది. తరువాత చూస్తే జపాను భాషలో 'తె' అంటే చెయ్యి, 'నుగుయి' అంటే తుడుచుకోవడం. మన తెనుగుకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు.

మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ చుట్టుకుని ఉన్న కన్నడ తాలూకా మాది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బ్యాంకులో రెండూ, పై ఆఫీసుకు రాసేటప్పుడు ఇంగ్లీషు. ఇలాంటి చోట ఉన్నవాళ్ళకు 'ఇదీ మనదే' అని చెప్పుకోవాలన్న ఆత్రం కాస్త ఎక్కువగా ఉంటుంది. హోసూరులోనూ, బళ్ళారిలోనూ, కోలారులోనూ ఉన్న మిత్రులకు నేను వివరించి చెప్పనక్కరలేదు. ఆ ఆత్రాన్ని నేను తప్పుపట్టను గానీ, చరిత్ర రాసేటప్పుడు దాన్ని బయట కూర్చోబెట్టాలి. నా వృత్తి నేర్పిన నియమం ఒకటుంది: ఓచరు ఉంటేనే ఎంట్రీ. రెండు వస్తువులు ఒకలాగా కనిపించినంత మాత్రాన అది ఓచరు కాదు.

ఆ గుడ్డ మీది ఆకుల నమూనా పేరు 'అసనోహా'. 'అస' అంటే నార తీసే గంజాయి జాతి మొక్క; మన రైతులు జనుము నారతో తాళ్ళు పేనినట్టు, నూలు వాడకం పెరగక ముందు జపానులో సామాన్యులు ఆ నారతో బట్టలు నేసుకునేవారు. 'హా' అంటే ఆకు. ఆ మొక్క ఏ ఆసరా లేకుండా నిటారుగా, త్వరగా పెరుగుతుంది గనుక పసిబిడ్డల చొక్కాలకు ఈ నమూనా వేసేవారు, బిడ్డ కూడా అలాగే పెరగాలని.

నాకు దీన్ని గీయడం పుస్తకం చూసి వచ్చింది కాదు. పుస్తకంలో కోణాలు, డిగ్రీలు ఇచ్చి భయపెట్టారు. మా అమ్మ, డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, ఆ గుడ్డను మోకాలి మీద పరుచుకుని కాసేపు చూసి, "ఇది సందు చుక్క గదరా! ఐదు పెట్టి మూడుకు దించేది. దీనికి జపాను దాకా పోవల్నా?" అంది. పాఠకురాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు గానీ మగవాళ్ళ కోసం చెబుతాను. ముగ్గు చుక్కలు రెండు రకాలు. చుక్క కింద చుక్క పెట్టుకుంటూ పోతే వరుస చుక్కలు. అప్పుడు గళ్ళు చతురస్రాలవుతాయి. రెండు చుక్కల సందులో కింది వరస చుక్క పెడితే సందు చుక్కలు, గళ్ళు త్రికోణాలవుతాయి. నడుమ వరసలో ఐదు పెట్టి, పైకీ కిందికీ నాలుగు, మూడు చొప్పున దించితే మొత్తం 19 చుక్కలు. నట్టనడుమ చుక్కను చుట్టూ ఉన్న ఆరింటితో కలపాలి. ఆ ఆరింటిలో పక్కపక్కనున్న రెండింటి సందులోంచి ఎదురుగా కనిపించే బయటి చుక్క ఆకుకు కొన. ఆ కొనను ఆ రెండింటితోనూ, నడుమ చుక్కతోనూ కలిపితే మధ్య ఈనెతో సహా ఒక ఆకు తయారు. అలా ఆరు ఆకులు. 13 చుక్కలు ఖర్చయి, మూలల్లో ఆరు మిగులుతాయి. అవి పక్క పువ్వులకు అప్పు. పదిహేను పెట్టి ఎనిమిదికి దించితే 169 చుక్కలు, ఇల్లంతా ఆకులే. నేను లెక్క కట్టి సరిచూశాను.

అంటే అసనోహా మన ముగ్గునుంచి వచ్చిందా? ఓచరు లేదు. త్రికోణాల గడిలో ఎవరు ఎక్కడ కూర్చుని ఆలోచించినా ఆరు రేకులు వచ్చి తీరతాయి. జపానులో దీన్ని ఊరూరా వ్యాపింపజేసిన మనిషి పేరు మాత్రం తెలుసు. ఇవాయ్ హన్‌షిరో అనే వంశనామం ధరించిన ఐదో నటుడు, కబుకి నాటకాల్లో స్త్రీ పాత్రలకు పేరుపడ్డవాడు, 1809లో ఒషిచి అనే పడుచుపిల్ల వేషంలో ఈ నమూనా ఉన్న దుస్తులు వేసుకున్నాడు. రాజధాని ఎదో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, ఆడపిల్లలందరూ అదే కావాలన్నారు. మన స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలు వేసిన రోజులు తెలిసినవారికీ, మా జిల్లాలోని గుబ్బి వీరణ్ణ కంపెనీ నాటకాల కథలు పెద్దల నోట విన్నవారికీ ఇందులో వింత కనిపించదు.

నాటకం నుంచే మరొకటి. తెలుపు, నీలం గళ్ళు ఒకటి విడిచి ఒకటిగా ఉండే చదరంగపు గడి నమూనా జపానులో పూర్వంనుంచీ ఉంది. దాని పాత పేరు వేరు. 1741లో సనోగావా ఇచిమత్సు అనే యువనటుడు ఆ గళ్ళ వస్త్రం కట్టి రంగస్థలం మీదికి వచ్చాడు. ఆనాటినుంచి ఆ నమూనాకు అతని పేరే స్థిరపడింది – ఇచిమత్సు. 2016లో టోక్యో ఒలింపిక్సు చిహ్నంగా ఎంపికైనది ఇదే, అసావో తొకోలో అనే కళాకారుడు మూడు రకాల దీర్ఘచతురస్రాలు 45 పేర్చి చేసింది. ఆ క్రీడలు కరోనా కారణంగా ఒక ఏడాది ఆలస్యంగా 2021లో జరిగాయి. ఒక నటుడు కట్టిన బట్టకు 280 ఏళ్ళ ఆయుష్షు!

అలల నమూనా 'సేగైహా' కథ ఇంకా పాతది. పేరుకు అర్థం నీలిసముద్రపు అల. ఆ పేరుతో రాజాస్థానంలో ఒక వాద్యనృత్యం ఉండేది. పదకొండో శతాబ్ది తొలినాళ్ళలో మురాసాకి షికిబు అనే ఆమె రాసిన 'గెంజి కథ'లో కథానాయకుడు దాన్ని ఆడతాడు. గీయడానికి ఇది పైకి కనిపించినంత సులువు కాదు. సందు చుక్కల మీద కంపాసు ముల్లు పెట్టి, ఒకదానిలో ఒకటిగా అర్ధవృత్తాలు తిప్పాలి. ముందు వరస పూర్తిగా గీసి, వెనక వరసలో ముందుదాని చాటున పడే భాగాన్ని వదిలేయాలి. ఎక్కడ చెయ్యి ఆపాలో తెలియడమే ఇందులో విద్య. సముద్రం లేని, చెరువు నిండితే పండగ చేసుకునే తాలూకాలో కూర్చుని అలలు గీయడం నాకు ఒక సరదా.

ఇన్ని నమూనాలు అక్కడ ఎందుకు పెరిగాయన్నదానికి కళాభిమానం ఒక్కటే కారణం కాదు. తొకుగావా ప్రభుత్వం (1603–1868) ఎవరు ఏ బట్ట కట్టాలో శాసనాలు చేసింది. వర్తకుల చేతిలో డబ్బు పెరిగినప్పుడల్లా ఆడంబరం మీద నిషేధాలు. రంగులు, జరీ కట్టడి చేస్తే నమూనా చిన్నదైంది. దూరంనుంచి చూస్తే సాదా బట్ట, చేతిలోకి తీసుకుంటే వేల చుక్కలు. దీన్ని 'కొమోన్' అన్నారు. ప్రభువంశాలకు తమతమ కొమోన్లు ఉండేవి. కీ సంస్థానపు తొకుగావా శాఖవారిది సొరచేప చర్మాన్ని తలపించే చుక్కలవరస. వీటిని అద్దడానికి ఇసే ప్రాంతంలోని షిరొకో ఊళ్ళో కాగితపు అచ్చులు కోసేవారు. చెట్టు నారతో చేసిన కాగితాలను మూడేసి కలిపి, పచ్చికాయల వగరు రసంతో అంటించి, గట్టిపరచి, దానిమీద సన్నని ఉలితో ఒక్కొక్క చుక్కా తొలిచేవారు. చుక్క తప్పితే కాగితం మొత్తం వృథా. హొకుసాయ్ – అలల బొమ్మతో లోకమంతా ఎరిగిన చిత్రకారుడు – 1824లో ఇలాంటి కొమోన్ల నమూనాలతోనే ఒక పుస్తకం వేశాడు. అంతకు ముందు 1812లో, దేన్నైనా స్కేలుతో, కంపాసుతో మొదలుపెట్టి గీయవచ్చని చూపించే పాఠ్యపుస్తకం ఒకటి వేశాడు. నాలాంటి ప్రవేశం లేనివాళ్ళ కోసమే వేశాడని నేను సంతోషిస్తుంటాను.

ఇక పేదవాళ్ళ సంగతి. ఉత్తర జపానులో చలికి పత్తి పండదు. నూలు గుడ్డ ప్రియం. పాతగుడ్డల పొరలు కలిపి, నీలి మీద తెల్లదారంతో బారు కుట్లు వేసి వెచ్చగా, గట్టిగా చేసుకునేవారు. దాన్ని 'సషికో' అంటారు. అసనోహా, అలలు, గళ్ళు – అన్నీ ఆ కుట్టులోకి దిగాయి. మా పల్లెల్లో పాతచీరలతో బొంతలు కుట్టే అవ్వలకు ఆ కుట్టు చూపిస్తే పేరు అడక్కుండానే అందుకుంటారు. కన్నడంలో దాన్ని కౌది అంటారు.

ఇంతవరకు చెప్పినవన్నీ పోలికలే. ఇప్పుడు ఓచరు ఉన్న ఎంట్రీకి వస్తాను.

డచ్చి కంపెనీవాళ్ళు పదిహేడో శతాబ్ది మొదటి దశకంలోనే మచిలీపట్నంలో వర్తకస్థావరం పెట్టారు. 1609లో జపానులోని హిరాదోలో ఇంకొకటి తెరిచారు. జపాను తలుపులు మూసుకున్నాక 1641నుంచి నాగసాకి రేవులోని దెజిమా అనే చిన్న కృత్రిమ ద్వీపానికే వారిని పరిమితం చేశారు. ఐరోపావారిలో ఇంకెవరికీ అక్కడ ప్రవేశం లేదు. మన తీరంనుంచి బయలుదేరిన అద్దకపు బట్ట బతావియా (ఇప్పటి జకార్తా) మీదుగా ఆ ద్వీపం చేరేది. జపానువాళ్ళు దాన్ని 'సరసా' అన్నారు. గుజరాతు బట్ట కూడా ఆ పేరు కిందే వెళ్ళింది గనుక మొత్తం మనదే అనడానికి వీల్లేదు. కోరమాండల్ తీరపు కలంకారీ అందులో మేలురకం అనడానికి మాత్రం సందేహం అక్కరలేదు.

వాళ్ళను అంతగా ఆకర్షించింది ఏమిటి? ఉతికినా వెలిసిపోని ఎరుపు. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డ మీద పటికనీళ్ళతో కలం పట్టి రాసి, కృష్ణాతీరపు ఇసుకనేలల్లో పెరిగే చిరివేరు వేసి ఉడికిస్తే, పటిక తాకినచోటే ఎరుపు పడుతుంది. బెల్లం, ఇనుపముక్కలు పులియబెట్టిన నీళ్ళతో నలుపు. ఈ రహస్యం పట్టుబడక జపాను కళాకారులు కాగితపు అచ్చులమీదుగా రంగుపొడులు బ్రష్షుతో అద్ది తమ సొంత సరసాలు చేసుకున్నారు. 1778, 1781, 1785 సంవత్సరాల్లో సరసా నమూనాల పుస్తకాలు అచ్చయ్యాయి – ఏ పువ్వు ఎలా గీయాలి, ఏ రంగు ఎలా కలపాలి అని. జపాను నమూనాల పుస్తకం చూసి మా తాలూకాలో నేను గీస్తున్నట్టే, రెండున్నర శతాబ్దాల కిందట అక్కడ ఎవరో మన పూలతీగ చూసి గీసుకున్నారన్నమాట.

వాళ్ళు ఆ బట్టను ఎంత భద్రంగా చూశారో! తేనీటి వేడుకలో వాడే పొడిడబ్బాలకు చిన్నచిన్న సంచులు కుట్టారు. హికోనె ప్రభువులైన ఈ వంశంవారు సేకరించిన 450 సరసా ముక్కలు ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. క్యోతోలో ఏటా జరిగే గియోన్ ఉత్సవపు రథాలకు దక్కను తివాచీలు కూడా కట్టారు. ఒక రథం వారి దగ్గరున్న భారతీయ సరసా మీద 1684 నాటి తేదీ ఉంది. ఇక్కడ కట్టి, చింపి, మసిగుడ్డ చేసిన బట్ట అక్కడ మ్యూజియం వస్తువైంది.

మరి దీనికి ఎదురు జమ? వర్తకంలో ఒకవైపే రాసే పద్దు ఉండదు. జపాను నుంచి డచ్చివారు తెచ్చిన సరుకుల్లో ముఖ్యమైనది రాగి. కడ్డీలుగా వచ్చిన ఆ రాగిని కోరమాండల్ తీరంలో అమ్మేవారు. నాణేలూ, పాత్రలూ అయింది. పూలతీగ అటు, చెంబూ దుడ్డూ ఇటు. నా దృష్టిలో ఇది రెండు దేశాల కళాసంబంధాలమీద వచ్చిన పెద్దపెద్ద ఉపన్యాసాలకంటె మంచి సాక్ష్యం.

ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లోనూ 1721లోనూ తమ నేతగాళ్ళను కాపాడుకోవడానికి మన అద్దకాలను నిషేధించాయి. 1864 నవంబరు 1 తుపానుకు మచిలీపట్నంలో సుమారు ముప్ఫైవేలమంది పోయారు. ఆ అద్దకం ఆగిపోలేదు, ఇరాను వర్తకంతో ఇంకొంతకాలం నిలిచింది గానీ పాత వైభవం మళ్ళీ రాలేదు.

ఓచరు లేనివాటిని బ్యాంకులో పారేయం, సస్పెన్సు ఖాతాలో వేసి ఉంచుతాం. అలాంటివి రెండు చెబుతాను. ఒక వృత్తాన్ని నాలుగువైపులా నాలుగు వృత్తాలు కోస్తూ పోతే నాలుగు రేకుల పువ్వులు వస్తాయి. జపానులో దీన్ని 'షిప్పో' అంటారు. ఆ మాటకు బౌద్ధంలోని సప్తరత్నాలని అర్థం. పేరు మన దేశంనుంచి చైనామీదుగా వెళ్ళిందే. రూపం? హరప్పా కుండల మీదా, కాలీబంగన్ ఇంటి నేలపలకల మీదా నాలుగువేల ఏళ్ళకు పైబడి ఉన్నది సరిగ్గా ఇదే. ఇంతదాకా వచ్చాక 'మనదే' అని కేక వేయాలనిపిస్తుంది. కానీ కంపాసు చేతికిచ్చి ఏ పిల్లవాణ్ణి కూర్చోబెట్టినా అరగంటలో ఈ పువ్వు గీస్తాడు. రెండోది 'సయగతా', స్వస్తికలను వంచి ఒకదానికొకటి కలిపిన గొలుసు. స్వస్తిక బౌద్ధంతో వెళ్ళిందన్నది నిస్సందేహం. ఆ గొలుసల్లిక మాత్రం చైనా పట్టుబట్టతో వచ్చింది, పేరు కూడా ఆ బట్టదే. ఒక నమూనాను సమతలం మీద అన్నివైపులా అంతులేకుండా పరిచే పద్ధతులు 17 మాత్రమేనని 1891లో ఫ్యోదొరోవ్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. తలుపులు పదిహేడే అయినప్పుడు వేర్వేరు ఊళ్ళవాళ్ళు ఒకే తలుపు దగ్గర తారసపడటంలో ఆశ్చర్యం ఏముంది?

అందుకే మన దగ్గరున్నది గొప్పదని చెప్పడానికి జపానువారి పత్రం అవసరం లేదు. మా పావగడకు పడమరగా హేమావతి ఉంది – నొళంబ పల్లవుల రాజధాని, నేడు సత్యసాయి జిల్లా అమరాపురం మండలంలో ఉన్నది. అక్కడి దొడ్డేశ్వరాలయపు రాతి కిటికీలు చూడండి: తీగలు మెలికలు తిరుగుతూ పోతుంటే ఆ మెలికల్లో చిన్నచిన్న మనుషులు నాట్యమాడుతుంటారు, రాతిని కాగితంలా తొలిచారు. మడకశిర, హిందూపురం మీదుగా వెళితే లేపాక్షి. అచ్యుతరాయల కాలంలో (1529–42) పెనుకొండ కోశాధికారి విరుపణ్ణ కట్టించిన వీరభద్రాలయంలో పైకప్పు చిత్రాల్లోని మనుషుల బట్టలు నేను మెడ నొప్పెట్టేదాకా చూశాను: గళ్ళు, చారలు, చుక్కలు, హంసలు, ఒకరి చీర ఒకరిది కాదు. పూర్తికాని మండపం పక్కన లతామండపంలో స్తంభం స్తంభానికీ వేరే నమూనా. ఖజానా సొమ్ము రాజు అనుమతి లేకుండా గుడికి ఖర్చుపెట్టాడని విరుపణ్ణమీద నింద వచ్చిందనీ, రాజు శిక్షించకముందే తన కళ్ళు తానే పెరికి గోడకేసి కొట్టాడనీ స్థలపురాణం. ఏ పద్దు కింద ఖర్చు రాశాడో అన్నది బ్యాంకువాడికి తప్ప ఇంకొకరికి రాని సందేహం. ఆడిటు తట్టుకోలేని ఖర్చే అయినా, అయిదు వందల ఏళ్ళుగా ఇంత వడ్డీ ఇస్తున్న పెట్టుబడి ఇంకొకటి ఈ చుట్టుపక్కల లేదు.

ముగ్గునూ లెక్కగా చూసినవాళ్ళున్నారు. తాంబరంలోని మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో గిఫ్ట్ శిరోమణి, ఆయన సహచరులు 1974లో తమిళుల కోలాన్ని కంప్యూటరు శాస్త్రంలోని వ్యాకరణపద్ధతిలో వివరిస్తూ పరిశోధనావ్యాసం వేశారు. భాషకు వ్యాకరణం ఉన్నట్టే ముగ్గుకూ ఉందని. 2007లో యనగిసావా, నగతా అనే జపాను పండితులు అదే కోలపు అల్లిక పద్ధతిమీద తమ పరిశోధన ప్రచురించారు. సరసా తీగను గీసుకున్నవారి వారసులు మెలికల ముగ్గును కూడా లెక్కకట్టారు. ఈ రెండు ఎంట్రీలకూ ఓచర్లున్నాయి. రెండింటిలోనూ పేరు మాత్రం తమిళానిది. మన మెలికల ముగ్గు కూడా అదే విద్య.

పేర్ల సంగతే ఇప్పుడు నన్ను పట్టి పీడిస్తున్నది. జపాను నమూనాకు పేరుంది, కథ ఉంది, చాలాసార్లు మనిషి కూడా ఉన్నాడు. కురుమె ఊరి చుక్కల నేతను – మన పోచంపల్లి, చీరాల పద్ధతిలో దారాన్ని ముందే కట్టి రంగువేసే నేతను – ఇనోఉఏ దెన్ (1788–1869) అనే ఆమె పన్నెండు పదమూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు కనిపెట్టిందని ఆ ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. 2020లో 'కిమెత్సు నో యైబా' అనే బొమ్మలకథ ప్రచురించిన షూయేషా సంస్థ, ఆ కథలోని పాత్రల బట్టలమీది నమూనాలను తన వ్యాపారచిహ్నాలుగా రిజిస్టరు చేయమని అడిగింది. అందులో కథానాయకుడి ఇచిమత్సు గళ్ళు కూడా ఉన్నాయి. ఆ గళ్ళు ఎవరి సొత్తూ కావని అక్కడి పేటెంటు కార్యాలయం 2021లో తిరస్కరించింది. అందరిదీ కాబట్టే ఎవరికీ ఇవ్వలేమన్న ఆ తీర్పు ఇవ్వగలగడానికి కారణం, ఆ గళ్ళకు పేరూ పుట్టుపూర్వోత్తరాలూ పుస్తకాల్లో నమోదై ఉండటం. మచిలీపట్నం కలం పట్టినవాళ్ళ బట్ట ఎన్ని కట్టలు, ఏ ధర, ఏ ఓడ అన్నది డచ్చి పద్దుల్లోకి ఎక్కింది. పువ్వు గీసినవాడి పేరు రాసే కాలమ్ ఆ పద్దులో లేదు.

మా అమ్మ ముగ్గుల పుస్తకం చెప్పి ముగిస్తాను. పొడుగు నోటుబుక్కు, పెళ్ళికి ముందునుంచీ రాసుకున్నది. అమ్మ పావగడ తాలూకా పల్లెలో కన్నడ బడిలో ఐదో తరగతి చదివింది. తెలుగు చదవడం రాదు. అందుకని పుస్తకమంతా కన్నడ లిపిలో తెలుగు మాటలు: సందు చుక్క పదిహేను ఎనిమిది, వరుస చుక్క పదకొండు, నాగబంధం, రథం, తాబేళ్ళ ముగ్గు. (జపానువారి 'కిక్కో'లో తాబేలు లేదు, వీపుమీది ఆరుమూలల చిప్ప ఒక్కటే, మా అమ్మ తాబేలుకు తలా కాళ్ళూ తోకా అన్నీ ఉన్నాయి.) కన్నడం చదివే కొత్తతరం కోడళ్ళకు అక్షరాలు తెలుస్తాయి గానీ 'సందు' అంటే ఏమిటో తెలియదు. తెలుగు చదివేవాళ్ళకు మాట తెలుస్తుంది, అక్షరం తెలియదు. మధ్యన ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి ఒక్కొక్కటీ గ్రాఫు కాగితం మీదికి ఎక్కించి, పక్కన రెండు లిపుల్లోనూ పేరు రాస్తున్నాను. ఇప్పుడు రాత్రి గంటలో సగం జపానుకు, సగం దీనికి.

మొత్తం 118 ముగ్గులు. 43కు అమ్మ పేరు రాసుకుంది. మిగతావాటికి చుక్కల లెక్క ఉంది, పేరు లేదు. కొన్నింటికి అమ్మే, "అది మా పెద్దమ్మ పెట్టేది", "అది రొద్దం నుంచి వచ్చిన కోడలు తెచ్చింది" అని చెబుతుంది. అవి కూడా రాసుకుంటున్నాను, పేరున్నచోట మనిషి పేరుతో సహా. సంక్రాంతి ముందు ఆదివారాల్లో చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్ళను అడిగితే ఇంకా తొమ్మిదింటికి పేర్లు దొరికాయి. అందులో ఒకదానికి రెండు ఊళ్ళలో రెండు పేర్లు చెప్పారు, రెండూ రాసుకున్నాను.